పాత ఇంజన్‌కి మెకానికల్ టాకోమీటర్: ముల్లు కదలడం వేరు, నిజం చెప్పడం వేరు

ఇంజన్ నిమిషానికి 800 చుట్లతో నింపాదిగా ఐడిల్‌లో తిరుగుతోంది. డాష్‌బోర్డ్ మీద ఇంజన్ వేగం చూపే టాకోమీటర్ మాత్రం 1600 చూపిస్తోంది. కేబుల్ కొత్తదే, మీటర్ ఈ మధ్యే బాగు చేయించినదే, మరలు చక్కగా బిగిశాయి, ఎక్కడా ఆయిల్ కారడం లేదు. పని మొత్తం శుభ్రంగా ఉంది, అంకె మాత్రం రెట్టింపు. పాత కార్లు, మోటార్‌సైకిళ్లు, ట్రాక్టర్లు తిరిగి బాగుచేసుకునేవాళ్లను తరచూ తల గోక్కునేలా చేసే చిక్కుల్లో ఇదొకటి. ఇందులో ఏ భాగమూ చెడిపోయి ఉండదు. దేనికదే బాగుంది, ఒకదానికొకటి పొసగలేదు.

ఈ సమస్య ఎక్కువగా మూడు సందర్భాల్లో వస్తుంది. బండికి మొదటి నుంచీ టాకోమీటర్ లేకపోతే, ఇప్పుడు పెట్టుకోవాలని ముచ్చటపడినప్పుడు. మీటర్ ఉండి, ఇంజన్ మార్చినప్పుడు. ఇంజన్ అదే ఉండి, బండికి కరెంటు పుట్టించే పాత డైనమో తీసేసి ఆల్టర్నేటర్ వేసినప్పుడు. మూడింటిలోనూ మనిషి దృష్టి ముందు కంటికి కనిపించే వాటి మీదే పడుతుంది: ఏ సైజు మర, ఏ బ్రాకెట్, కేబుల్ ఎంత పొడవు. నా లెక్కలో అవన్నీ లేత్ దగ్గర ఒక పూటలో తెమిలిపోయే పనులు. అసలు కష్టం నిష్పత్తిలో ఉంది, తిరిగే దిక్కులో ఉంది. ఈ రెండూ కంటికి కనబడవు.

కేబుల్ చివర, మీటర్ లోపల జరిగేది

మెకానికల్ టాకోమీటర్‌కి కరెంటు అక్కర్లేదు. ఇంజన్‌లో ఎక్కడో తిరుగుతున్న ఒక షాఫ్ట్‌కి కేబుల్ తగిలిస్తారు. కేబుల్ అంటే రెండు భాగాలు: కదలకుండా ఉండే బయటి తొడుగు, దాని లోపల గిరగిరా తిరిగే ఉక్కు తీగ. ఆ తీగ కూడా ఒంటి తీగ కాదు. సన్నని తీగలను పొరలు పొరలుగా, ఒక పొర ఒక వాటంగా, దాని మీది పొర ఎదురు వాటంగా చుట్టి చేస్తారు. వంగుతూనే తిరగగలగడానికి ఈ ఏర్పాటు.

కేబుల్ అవతలి కొస మీటర్ లోపలి అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతాన్ని కప్పుతూ, కానీ తగలకుండా, పల్చటి అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. అల్యూమినియాన్ని అయస్కాంతం లాగదు కదా అనిపించొచ్చు. నిలకడగా ఉన్న అయస్కాంతం లాగదు నిజమే. తిరుగుతున్న అయస్కాంతం మాత్రం ఆ లోహంలో ఎడ్డీ కరెంట్లు అనే చిన్న చిన్న సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. వాటికి సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది గిన్నెను అయస్కాంతం వెంట తిరగమని లాగుతుంది. గిన్నెకు అతికి ఉన్న సన్నని స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ లాగుడూ పట్టుడూ సమానమైన చోట ముల్లు ఆగుతుంది. కేబుల్ వేగం రెట్టింపైతే లాగుడూ రెట్టింపు, ముల్లు జరిగే దూరమూ రెట్టింపు.

ఎండకు మీటర్ వేడెక్కితే అల్యూమినియంలో విద్యుత్ ప్రవాహం కాస్త తగ్గి, రీడింగ్ కిందికి జారాలి. మంచి మీటర్లలో దీన్ని సరిచేయడానికి అయస్కాంతం పక్కనే నికెల్-ఇనుము మిశ్రమలోహపు చిన్న ముక్క పెడతారు. చల్లగా ఉన్నప్పుడు అది అయస్కాంత బలంలో కొంత పక్కకు మళ్లిస్తుంది, వేడెక్కితే తక్కువ మళ్లిస్తుంది.

దీనికంటే పాతదైన మరో రకం ఉంది. స్మిత్స్ కంపెనీ క్రోనోమెట్రిక్ మీటర్లు ఆ కోవలోవి. వాటిలో గడియారం లాంటి యంత్రాంగం, సెకనులో కొంత భాగం పాటు కేబుల్ చుట్లను లెక్కపెట్టి, ఆ లెక్కను ముల్లుకు అందించి, మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. అందుకే వాటి ముల్లు జారినట్టు కాక, టక్ టక్ మని అంచెలంచెలుగా కదులుతుంది. కొత్తగా చూసినవాళ్లు మీటర్ పాడైందనుకుంటారు. దాని నడకే అంత.

ఏ రకమైనా ఒక సంగతి మారదు. మీటర్‌కి ఇంజన్ సంగతి ఏమీ తెలియదు. కేబుల్ ఎంత వేగంగా తిరుగుతోందో అంతవరకే తెలుసు. ఆ కేబుల్ వేగాన్ని ఇంజన్ వేగంగా మార్చి చెప్పేది డయల్ మీద అచ్చేసిన అంకెలు. ఆ అంకెలు వేసినవాడు ఒక నిష్పత్తిని మనసులో పెట్టుకుని వేశాడు.

సగం వేగం అనే ఒప్పందం

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరుగుతుంది. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌దీ అదే వేగం. డీజిల్ ఇంజెక్షన్ పంపుదీ సాధారణంగా అదే. అందుకే కార్ల ప్రపంచంలో టాకోమీటర్ కేబుల్ ఇంజన్ వేగంలో సగంతో తిరగాలన్నది ఇంచుమించు ఒప్పందంలా స్థిరపడింది. 2:1 అంటే ఇదే: ఇంజన్ రెండు, కేబుల్ ఒకటి.

అయితే ఇది అందరూ పాటించిన ఒప్పందం కాదు. మోటార్‌సైకిళ్ల మీటర్లలో 3:1, 4:1 కూడా మామూలే. టూ స్ట్రోక్ ఇంజన్లలో అసలు క్యామ్‌షాఫ్టే ఉండదు కాబట్టి తయారీదారు తనకు వీలైన గేరు దగ్గర కేబుల్ తగిలించి, దానికి తగ్గ నిష్పత్తి ఎంచుకున్నాడు. చాలా మీటర్ల డయల్ కింద చిన్న అక్షరాల్లో ఈ నిష్పత్తి వేసి ఉంటుంది. ఒకడు 2:1 అని రాసిన దాన్నే ఇంకొకడు 1:2 అని రాస్తాడు. ఏది ముందు అన్నది పట్టించుకోకుండా "ఇంజన్ ఒక్క చుట్టుకి కేబుల్ ఎన్ని చుట్లు" అన్న ఒకే ప్రశ్నకు మార్చుకుంటే గందరగోళం తగ్గుతుంది. 2:1 మీటర్‌కి ఆ జవాబు 0.5. 3:1కి 0.333. 4:1కి 0.25.

లెక్క ఒక్క వరుసలో అయిపోతుంది. ఇంజన్ ఒక్క చుట్టుకి కేబుల్ నిజంగా తిరిగే చుట్లను, మీటర్ ఆశించే చుట్లతో భాగించాలి. వచ్చిన దాన్ని ఇంజన్ వేగంతో గుణిస్తే, ముల్లు చూపించబోయే అంకె.

మొదట చెప్పిన 800, 1600 సంగతి ఇప్పుడు చూడండి. మీటర్ ఆశించేది 0.5. కేబుల్‌ను క్రాంక్‌షాఫ్ట్ వేగంతోనే తిరిగే చోట తగిలించారు, అంటే 1. ఒకటిని 0.5తో భాగిస్తే రెండు. అందుకే రెట్టింపు. ఇది ఇబ్బందే గానీ, ప్రమాదం కాదు. డ్రైవర్ భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తాడు, అంతే.

దీనికి ఎదురు తప్పు అలాంటిది కాదు. అదే 2:1 మీటర్‌ను, 4:1 మీటర్ కోసం చేసిన డ్రైవ్ ఉన్న ఇంజన్‌కు పెట్టారనుకుందాం. కేబుల్ 0.25 తిరుగుతుంది, మీటర్ 0.5 ఆశిస్తుంది. రీడింగ్ సగం. ముల్లు 2500 దగ్గర తీరిగ్గా ఉంటుంది, ఇంజన్ 5000 దగ్గర అరుస్తుంటుంది. చెవి చెప్పేదాన్ని నమ్మాలో కన్ను చెప్పేదాన్ని నమ్మాలో తేల్చుకునేలోపు వాల్వులు, కనెక్టింగ్ రాడ్లు దెబ్బతినొచ్చు. తక్కువ చూపే టాకోమీటర్ కంటే మీటర్ లేకపోవడమే నయం.

ఇంజన్‌లో ఎక్కడ పట్టుకోవాలి

తయారీదారులు ఈ ప్రశ్నకు రకరకాల జవాబులిచ్చారు. వాటిని చూస్తే మనకున్న దారులూ తెలుస్తాయి.

అన్నిటికంటే సూటిదారి క్యామ్‌షాఫ్ట్. సగం వేగం దానంతటదే వస్తుంది. ఎంజీఏ కారులో క్యామ్‌షాఫ్ట్ మీది గేరు నుంచే ఇంజన్ వెనక వైపు డ్రైవ్ తీసుకున్నారు. దీనితో ముడిపడిన చిక్కు ఒకటి పాత బ్రిటిష్ కార్ల వాళ్లకు బాగా తెలిసిందే. ఎంజీఏ తర్వాత వచ్చిన ఎంజీబీలో మొదటి ఇంజన్లకు క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులు మూడు, కేబుల్‌తో నడిచే టాకోమీటర్. 1964 చివర్లో ఐదు బేరింగుల ఇంజన్ వచ్చింది, దాంతోపాటే ఎలక్ట్రానిక్ టాకోమీటర్ వచ్చింది. కేబుల్ డ్రైవ్ అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఎవరైనా తమ ఎంజీఏలో గట్టిదైన ఆ ఐదు బేరింగుల ఇంజన్ వేసుకుంటే, డాష్‌బోర్డ్ మీద కేబుల్ మీటర్ ఉంటుంది, ఇంజన్‌లో కేబుల్ తగిలించే చోటు ఉండదు.

రెండోది డిస్ట్రిబ్యూటర్. ట్రయంఫ్ టీఆర్ శ్రేణి స్పోర్ట్స్ కార్లు, షెవ్రొలే కార్వెట్ ఈ దారిలో నడిచాయి. కార్వెట్‌లో 1974 మోడల్ వరకు డిస్ట్రిబ్యూటర్ నడుముకు అడ్డంగా ఒక చిన్న గేరు ఉండి కేబుల్‌ను తిప్పేది. 1975లో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ రావడంతో అది పోయింది. బండి ఇంజన్ కుటుంబంలోనే టాకో డ్రైవ్ ఉన్న డిస్ట్రిబ్యూటర్ ఏదైనా దొరికితే, అంతకంటే సుఖమైన పరిష్కారం లేదు. మొత్తం డిస్ట్రిబ్యూటరే మార్చేస్తే సరి. దానికీ ఒక ఖర్చుంది. అడ్డంగా పెట్టిన గేరు షాఫ్ట్‌ను ఒక పక్కకు నెడుతూ ఉంటుంది. బుష్ ఒక వైపు అరిగితే ఇగ్నిషన్ టైమింగ్ ఊగుతుంది. ముల్లు బాగానే ఉంటుంది, ఇంజన్ మాత్రం గరగరలాడుతుంది.

మూడోది డైనమో వెనక కొస. ఎంజీ టీసీ లాంటి పాత కార్లలో డైనమో వెనక ఒక చిన్న రిడక్షన్ గేర్‌బాక్స్ బిగించి ఉండేది. ఇంజన్ బ్లాక్‌ను ముట్టుకోనక్కర్లేదు, ఆయిల్ కారే భయం లేదు. మధ్యలో బెల్ట్ ఉండటమే దీని బలహీనత. ఆ లెక్క కొంచెం పెద్దది, కింద విడిగా చూద్దాం.

మిగిలినవి తక్కువగా కనిపిస్తాయి: ఆయిల్ పంప్ షాఫ్ట్, మాగ్నెటో (బ్యాటరీ లేకుండా స్పార్క్ పుట్టించేది), డీజిల్ ఇంజెక్షన్ పంప్, క్రాంక్ ముందు కొస. క్రాంక్ దగ్గర పట్టుకుంటే పూర్తి వేగం వస్తుంది కాబట్టి సగం చేసే గేర్‌బాక్స్ తప్పనిసరి.

ఆశపెట్టి మోసం చేసేది మెకానికల్ ఫ్యూయల్ పంప్ రంధ్రం. బ్లాక్ మీద సిద్ధంగా ఉంటుంది, రెండు బోల్టులతో మూసిన ప్లేటు తీస్తే లోపల క్యామ్‌షాఫ్ట్ కనబడుతుంది. కానీ అక్కడ ఉన్నది పంపు లివర్‌ను పైకీ కిందికీ ఊపే క్యామ్ మాత్రమే. దాని మీద గేరు పళ్లు ఉండవు. కేబుల్‌కి కావాల్సింది ఊపు కాదు, తిరుగుడు.

డైనమో మీద ఆధారపడితే: లెక్క వేసి చూద్దాం

క్రాంక్ పుల్లీ వ్యాసం 150 మి.మీ., డైనమో పుల్లీ 90 మి.మీ. అనుకుందాం. వ్యాసం అన్నప్పుడు పుల్లీ బయటి అంచు కాదు. వి-బెల్ట్ గాడిలో కొంచెం లోపలికి కూర్చుంటుంది, లెక్కలోకి వచ్చేది బెల్ట్ నడిచే ఆ వలయం. 150ని 90తో భాగిస్తే 1.667. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే డైనమో ఒకటి ముప్పాతికకు కాస్త తక్కువ తిరుగుతుంది.

మీటర్ ఆశించేది 0.5. కాబట్టి డైనమో వెనక పెట్టే గేర్‌బాక్స్ 1.667ని 0.5కి దించాలి, అంటే 3.333 రెట్లు తగ్గించాలి. 12 పళ్ల గేరు 40 పళ్ల గేరును తిప్పితే సరిగ్గా ఇదే వస్తుంది.

చేతికి దొరికింది మాత్రం 3కి 1 తగ్గించే గేర్‌బాక్స్ అనుకోండి. "ఎంత తేడా ఉంటుందిలే" అని బిగించేస్తే కేబుల్ 0.556 తిరుగుతుంది. మీటర్ 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. అసలు 3000 ఉంటే ముల్లు 3330 పైన. బెల్ట్ ఒక 2 శాతం జారుతోందనుకుంటే అది 3270 దగ్గరికి దిగుతుంది. ఒక తప్పు ఇంకో తప్పును కొంత కప్పేస్తుంది. ఇక్కడే మోసపోతాం. బెల్ట్ కొత్తదైతే ఒక రీడింగ్, సాగితే ఒక రీడింగ్, వాన నీళ్లు పడితే మరొకటి.

ఇప్పుడు సరైన 3.333 గేర్‌బాక్సే ఉంది, కానీ యజమాని 90 మి.మీ. పుల్లీ బదులు 85 మి.మీ. పుల్లీ వేశాడు. లైట్లు ఐడిల్‌లో కూడా బాగా వెలగాలని. డైనమో 1.765 రెట్లు తిరుగుతుంది, కేబుల్ 0.529కి వెళ్తుంది. మీటర్ దాదాపు 6 శాతం ఎక్కువ చూపించడం మొదలవుతుంది: 3000కి 3175 చిల్లర. పుల్లీ మార్చిన సంగతి గుర్తున్నవాళ్లు కూడా దాన్ని టాకోమీటర్‌తో కలిపి ఆలోచించరు.

డైనమో తీసి ఆల్టర్నేటర్ వేస్తే ఇంకా తేడా. ఆల్టర్నేటర్ పుల్లీ మరీ చిన్నది, ఇంజన్ కంటే రెండు మూడు రెట్లు వేగంగా తిరగడానికే దాన్ని అలా చేస్తారు. పైగా వెనక కొసన కేబుల్ పట్టే చోటే ఉండదు. పాత డైనమో ఆకారంలో చేసి, వెనక టాకో డ్రైవ్ ఉంచిన ఆల్టర్నేటర్లు ఈ అవసరం కోసమే పుట్టాయి. వాటిలో నిష్పత్తి పాతదే ఉందా అన్నది పుల్లీని బట్టే ఉంటుంది.

కాగితం మీది లెక్కను నమ్మకపోయినా ఫర్వాలేదు, దీన్ని చేత్తో తేల్చే పద్ధతి ఒకటుంది. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. మీటర్ వైపు కేబుల్ కొసకి కాగితపు ముక్క జెండాలా అంటించి, క్రాంక్‌ను స్పానర్‌తో పది చుట్లు తిప్పుతూ జెండా ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడతారు. సరిగ్గా ఐదు వస్తే నిష్పత్తి 2:1. ఐదున్నర దాటితే పైన చెప్పిన 3కి 1 గేర్‌బాక్స్ కథ. చేత్తో తిప్పితే బెల్ట్ జారదు కాబట్టి గేర్ల, పుల్లీల అసలు నిష్పత్తి ఇందులో బయటపడుతుంది.

ఎటు తిరగాలి అన్న రెండో ముడి

నిష్పత్తి కుదిరాక ఇంజన్ స్టార్ట్ చేస్తే ముల్లు సున్నా దగ్గరే ఉండి, కిందికి నొక్కుకుంటున్నట్టు వణుకుతుంది. మీటర్ చచ్చిపోలేదు. కేబుల్ ఎదురు తిరుగుతోంది.

గిన్నె అయస్కాంతం వెంటే పోతుందని చెప్పుకున్నాం కదా. డయల్ ముందు నిలబడి చూస్తే ముల్లు గడియారం ముల్లులా కుడివైపు కదలాలంటే, అయస్కాంతమూ మన వైపు నుంచి చూస్తే అలాగే తిరగాలి. కేబుల్ ఎన్ని వంపులు తిరిగినా ఈ సంబంధం మారదు. లోపల అదనపు గేర్లు లేని మీటరైతే, ఇంజన్ పక్కన నిలబడి డ్రైవ్ రంధ్రంలోకి చూసినప్పుడు షాఫ్ట్ గడియారపు దిక్కులో తిరుగుతుంటే డయల్ మీద ముల్లు కూడా అదే దిక్కులో కదులుతుంది.

దీన్ని మీటర్ వెనక నుంచి చూస్తే మాత్రం తిరగబడుతుంది. బల్ల మీద డ్రిల్ మెషీన్‌తో మీటర్ పరీక్షించేవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. డ్రిల్‌ను మామూలుగా తిప్పితే ముల్లు కదలదు, "మీటర్ పోయింది" అని పక్కన పడేస్తారు. డ్రిల్ పట్టుకున్నవాడికి గడియారపు దిక్కు అయినది, డయల్ చూసేవాడికి ఎదురు దిక్కు. డ్రిల్‌ను రివర్స్‌లో పెడితే ముల్లు లేస్తుంది. 2:1 మీటర్‌ను 1500 చుట్ల డ్రిల్ తిప్పితే ముల్లు 3000 దగ్గర ఉండాలి.

దిక్కు తప్పినప్పుడు సరిచేసే మార్గం గేర్లలో ఉంది. రెండు గేర్లు ఒకదాన్నొకటి తిప్పితే దిక్కు మారుతుంది, మధ్యలో మూడోది పెడితే మళ్లీ మొదటికి వస్తుంది. షాఫ్ట్‌కు అడ్డంగా పెట్టిన గేరు డ్రైవ్‌లో అయితే ఇంకో వెసులుబాటు: అడ్డపు ఇరుసు కుడి కొస నుంచి కేబుల్ తీసుకుంటే ఒక దిక్కు, ఎడమ కొస నుంచి తీసుకుంటే దానికి ఎదురు. రెండు కొసలూ బయటికి తీసుకునే వీలుంటే అదనపు గేరు లేకుండానే పని జరుగుతుంది.

దిక్కుతో కేబుల్‌కి కూడా పేచీ ఉంది. పొరలుగా చుట్టిన ఆ తీగలో బయటి పొర ఒక దిక్కులో తిరిగితే బిగుసుకుంటుంది, ఎదురు దిక్కులో తిరిగితే విడివడి ఉబ్బుతుంది. ఉబ్బిన తీగ తొడుగుకు రాసుకుని, ముందు ముల్లును వణికించి, ఆ తర్వాత తెగుతుంది. ఒక బండి కేబుల్ ఇంకో బండిలో నెల తిరక్కుండా తెగిపోతే అది నాసిరకమని తిట్టే ముందు అది ఏ దిక్కు కోసం చేసిందో చూడటం న్యాయం.

మర, కొస, ఆయిల్

అడాప్టర్ దగ్గరికి వచ్చాం. అమెరికన్ తరహా డ్రైవ్‌లలో 5/8 అంగుళం, 7/8 అంగుళం వ్యాసాల్లో అంగుళానికి 18 మరలవి విరివిగా కనిపిస్తాయి. యూరప్ వైపు మెట్రిక్ ఎం18×1.5. బ్రిటిష్ మోటార్‌సైకిళ్లది వేరే దారి. ఒక వైపు ఒక మర, ఇంకో వైపు ఇంకో మర ఉన్న ఇత్తడి ముక్క తీయించడం పెద్ద విషయం కాదు. దాని రంధ్రం, తిరిగే షాఫ్ట్ ఒకే గీత మీద ఉండటమే ముఖ్యం. కొంచెం పక్కకు ఉన్నా తీగ ప్రతి చుట్టుకీ ఒకసారి వంగుతుంది, మీటర్ ముల్లు కూడా ప్రతి చుట్టుకీ ఒకసారి ఎగురుతుంది. అందుకే తెలిసినవాళ్లు షాఫ్ట్‌కి చదరపు రంధ్రం బదులు ఒక గాడి, దానిలో వదులుగా కూర్చునే పలక లాంటి నాలుక పెడతారు. కాస్త ఎటు పోయినా అది సర్దుకుంటుంది.

క్యామ్‌షాఫ్ట్ తన పొడవునా కొద్దిగా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కేబుల్ తీగ పొడవు ఎక్కువై గట్టిగా ఆనుకుంటే ఆ జరుగుడంతా మీటర్ బేరింగు మీద పడుతుంది. కొంచెం ఖాళీ లేకపోతే మీటరే ముందు బలి.

ఆయిల్ సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. ఇంజన్‌లో ఆయిల్ ఎగిరే చోట రంధ్రం చేసి, అందులో మెలితిరిగిన తీగ పెట్టాం. అది తిరుగుతూ ఉంటే ఆయిల్‌ను మెట్టు మెట్టుగా పైకి ఎక్కిస్తుంది. కొన్నాళ్లకు డయల్ అద్దం లోపల తడి మెరుస్తుంది, గిన్నె జిడ్డెక్కి అయస్కాంతానికి అతుక్కున్నట్టు లాగబడుతుంది, రీడింగ్ పెరుగుతుంది. అడాప్టర్‌లో పెదవి ఉన్న చిన్న ఆయిల్ సీల్ పెట్టడం దీనికి మందు. గ్రీజుదీ ఇదే గుణం. అందుకే మీటర్ వైపు చివరి 200 మి.మీ. మేర తీగకు గ్రీజు రాయకుండా వదిలేసే పద్ధతి వచ్చింది.

వంపుల గురించి ఒక్క మాట: 150 మి.మీ. వ్యాసార్ధం కంటే బిగుతుగా వంచితే ముల్లు ఊగడం మొదలవుతుంది. చోటు లేకపోతే వంపు బదులు లంబకోణపు గేర్‌బాక్స్ వాడతారు. దానితో దిక్కు మారొచ్చు, నిష్పత్తి కూడా మారొచ్చు. లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఎలక్ట్రానిక్ పెట్టుకుంటే పోదా?

ఈ ప్రశ్న సహేతుకమే. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టుకి ఇగ్నిషన్ కాయిల్ రెండుసార్లు మెరుస్తుంది, ఆరు సిలిండర్లలో మూడుసార్లు, ఎనిమిదిలో నాలుగుసార్లు. ఎలక్ట్రానిక్ మీటర్ ఆ మెరుపులు లెక్కపెడుతుంది. ఒక తీగ కలిపితే అయిపోయింది. ఆయిల్ కారదు, గేరు అరగదు, దిక్కు గొడవ లేదు. కేబుల్ డ్రైవ్ కోసం అరుదైన బ్లాక్‌కు రంధ్రం చేయడం కంటే ఇది నయమనేవాళ్ల మాటలో బలముంది.

మెకానికల్ వైపు నిలబడేవాళ్లకూ కారణాలున్నాయి. మాగ్నెటోతో నడిచే ఇంజన్‌లో మామూలు ఇగ్నిషన్ కాయిలే ఉండదు. డీజిల్‌లో ఇగ్నిషనే లేదు. ఆల్టర్నేటర్ మీద, దాని వేగానికి తగ్గట్టు స్పందనలు ఇచ్చే డబ్ల్యూ టెర్మినల్ నుంచి సంకేతం తీసుకోవచ్చు గానీ, అక్కడా నిష్పత్తి వెంటాడుతుంది: ఆరు జతల ధ్రువాలున్న ఆల్టర్నేటర్ ఇంజన్ కంటే 2.5 రెట్లు తిరిగితే ఇంజన్ ఒక చుట్టుకి 15 స్పందనలు. పుల్లీ మారిస్తే ఈ అంకే మారుతుంది. డైనమో మీద ఆధారపడిన కేబుల్ మీటర్ కంటే ఇది ఏమంత భిన్నం కాదు. పైగా పాత డయల్ వెనక ఆ మెల్లని ముల్లు నడక పోతుందన్న బాధ ఒకటి. అది కొట్టిపారేయాల్సిన బాధ కాదు, పాత బండి పెట్టుకునేదే అందుకు.

మధ్యే మార్గాలూ ఉన్నాయి. జాగ్వార్ 3.8 ఈ-టైప్‌లో క్యామ్‌షాఫ్ట్ వెనక కేబుల్ బదులు చిన్న జనరేటర్ పెట్టి, దాని విద్యుత్తుతో మీటర్ నడిపారు. ఇప్పుడైతే పాత డయల్, పాత ముల్లు అలాగే ఉంచి లోపల ఎలక్ట్రానిక్ భాగాలు పెట్టేవాళ్లున్నారు. మీటర్‌ను అసలు ముట్టుకోకుండా, ఇగ్నిషన్ సంకేతాన్ని బట్టి కేబుల్‌ను కావలసిన వేగంతో, కావలసిన దిక్కులో తిప్పే మోటార్ పెట్టె కూడా ఒక దారి. ఇంజన్‌కి రంధ్రం ఉండదు, డాష్‌బోర్డ్ మారదు. దానిలో నిష్పత్తిని స్విచ్చులతో పెట్టుకోవచ్చు. ఖర్చు, మరో ఎలక్ట్రానిక్ డబ్బా, దాని మోటార్ శబ్దం మూల్యం. నాకైతే, బ్లాక్‌లో డ్రైవ్ చోటు పుట్టుకతోనే ఉంటే కేబుల్, లేకుంటే ఈ మోటార్ పెట్టె సబబనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌తో పోయే పనైతే ఈ తర్జనభర్జనే అనవసరం.

మీటర్ తప్పులో ఒక లిపి ఉంటుంది

అంతా బిగించాక స్ట్రోబ్ లైటుతోనో, పుల్లీకి మెరిసే టేపు అంటించి చేతిలో పట్టుకునే ఆప్టికల్ టాకోమీటర్‌తోనో సరిచూస్తే తేడా బయటపడుతుంది. ఆ తేడా ఎంత అన్నదానికంటే, వేగంతో ఎలా మారుతోందన్నది ఎక్కువ చెబుతుంది.

అసలు 1000కి 1110, 2000కి 2220, 3000కి 3330 వస్తే తప్పు శాతంలో ఉంది. నిష్పత్తి తప్పింది, లేదా మీటర్ స్ప్రింగుకూ అయస్కాంతానికీ పొందిక పోయింది. పాత అయస్కాంతం బలహీనపడితే ఇదే పద్ధతిలో తక్కువ చూపుతుంది. కాగితపు జెండా పరీక్షలో నిష్పత్తి సరిగ్గా వచ్చి ఉంటే దోషం మీటర్‌దే. అలా కాక 1000కి 1150, 2000కి 2150, 3000కి 3150 వస్తే ముల్లును ఇరుసు మీద కొంచెం పక్కకు గుచ్చారని అర్థం, నిష్పత్తికి సంబంధం లేదు. కింది వేగాల్లో సరిగ్గా ఉండి పైకి వెళ్లేకొద్దీ వెనకబడితే, డైనమో డ్రైవ్‌లో ముందు అనుమానించాల్సింది బెల్ట్ జారుడును. ఐడిల్‌లో మాత్రమే ఊగి, వేగం పెరిగితే కుదురుకుంటే అది చాలాసార్లు కేబుల్‌దీ కాదు, మీటర్‌దీ కాదు. ఇంజన్ ఒక్కో పేలుడుకి ఒక్కో తోపుగా తిరుగుతుంది, వాల్వ్ స్ప్రింగులు క్యామ్‌షాఫ్ట్‌ను ఆపుతూ నెడుతూ ఉంటాయి. సిలిండర్లు తక్కువైనకొద్దీ ఈ కుదుపు ఎక్కువ.

ట్రాక్టర్ల విషయంలో ఇంకో మెలిక. వాటి పాత మెకానికల్ మీటర్లలో గంటల లెక్క కూడా ఉంటుంది. అది గడియారం కాదు, కేబుల్ చుట్లను లెక్కపెట్టే యంత్రం. ఇంజన్ ఒక నిర్ణీత వేగంతో నడిచినప్పుడే అక్కడి గంట నిజమైన గంట. ఆ వేగం 1500 అనుకుంటే, 750తో రెండు గంటలు నడిపినా మీటర్ ఒక్క గంటే వేసుకుంటుంది. నిష్పత్తిలో 11 శాతం తేడా ఉన్న డ్రైవ్ తగిలిస్తే గంటలూ 11 శాతం ఎక్కువ పడతాయి, 250 గంటలకు మార్చాల్సిన ఆయిల్ 225కే మారుతుంది. దానికంటే ముఖ్యంగా, అదే డయల్ మీద పీటీవో (వెనక తగిలించిన యంత్రాలను తిప్పే ఇరుసు) నిమిషానికి 540 చుట్లకు చేరే చోటు చూపించే గుర్తు ఉంటుంది. నిష్పత్తి తప్పితే ఆ గుర్తూ తప్పే. ముల్లు ఎక్కువ చూపిస్తుంటే, గుర్తు దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ ఇంకా చేరాల్సిన వేగానికి చేరి ఉండదు, వెనక తగిలించిన యంత్రం 486 చుట్ల దగ్గరే తిరుగుతుంటుంది.